వచ్చు నీరు – పోవు నీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గృహారోగ్యమును గూర్చి గావింపబడిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసమయమున సాహిత్యమును గూర్చియో, పురాణేతిహాసములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఇట్టి సభలో కొళాయి గొట్టమును, మురుగు తూమును ప్రస్తావించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట ఎట్లు సాధ్యమగునో ఆలోచించిన వారికి ఈ వింత తొలగిపోవును. పుస్తకమును కొనుట ఒకనాటి పని. దానిని కాపాడుట ఏనాటికానాటి పని. ఏటేట బీరువాలు ఖాళీచేసి, దుమ్ము దులిపి, గాలి తగులనిచ్చి, వేపాకు ఉంచి, ఊడిన అట్టను ఊడిననాడే అంటించిన చోట పుస్తకము నిలుచును. చెదలు కనబడిన పిమ్మట పరుగెత్తిన గ్రంథపాలకునకు అట్టలు మాత్రమే దక్కును. ఇంటిలోని గొట్టములకును, మురుగు దారులకును ఇదే ధర్మము వర్తించును. పుస్తకము పోయినచో మరియొకటి కొనవచ్చును. గొట్టమును ఏమరినచోట పోవునది ఆరోగ్యము, ఒక్కొక్కచోట ప్రాణము.

పూర్వము ఊరి ఇండ్లకు నీరు బిందెల లెక్కన వచ్చెడిది. నూతిలో చేద వేసి తోడి, చంకన బిందె పెట్టుకొని తెచ్చిన నీరు కావున దానిని వాడుటలో పొదుపును, పారబోయుటలో ఆలోచనయు ఉండెడివి. బియ్యము కడిగిన నీరు, వార్చిన గంజి కుడితి తొట్టికి పోయెడివి. అంట్లు తోమిన నీరు పెరటిలోని అరటి పాదునకు పోయెడిది. ఆ కాలమున రోగములు లేవని చెప్పుట సత్యము కాదు. నూతి నీటితోను, చెరువు నీటితోను వాంతిభేదులు ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టిన దినములున్నవి. కాని ఇంటి లోపల నీటి దారి చిన్నది, కంటికి కనబడునది.

నేడు ఆ దారి పెద్దదైనది, గోడలలోను, నేల క్రిందను దాగినది. తెలంగాణమున మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు ప్రాంతమందలి కోమటిబండలో ప్రారంభమయ్యెను. దేశమంతటను ప్రతి గ్రామీణ గృహమునకు కొళాయి నీరందింపవలెనను జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడెను. ఈ రెండవ పథకమున ఒక్కొక్క మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు ప్రమాణముగా నిర్ణయింపబడినది. ఐదుగురున్న ఇంటికి ఆ లెక్కన 275 లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బిందెలు పదునెనిమిదికి పైగా. ఇంటిలోనికి వచ్చిన నీటిలో ఇంచుమించు ఐదింట నాలుగు పాళ్ళు మురుగై వెలుపలికి పోవునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. అనగా ఆ ఇంటినుండి దినదినము 220 లీటర్ల మురుగునీరు ఎక్కడికో ఒకచోటికి పోవలెను. ఇంటింటికి కొళాయి వచ్చిననాడు పండుగ చేసికొనుట న్యాయమే. అయినను ఇల్లు అలుకగానే పండుగ కాదని పెద్దలు ఊరకే అనలేదు. వచ్చు నీటికి దారి వేయుటతో పని సగమే తీరును. పోవు నీటికి దారి ఉంచుటయు, ఆ రెండు దారులు ఒకదానితో ఒకటి కలియకుండ కాచుటయు తక్కిన సగము.

ఈ తక్కిన సగమును మిక్కిలి ప్రాచీనులే గుర్తించిరి. సింధునదీ తీరమున ఇంచుమించు 4,500 సంవత్సరముల క్రిందట వెలసిన మొహెంజొదారో నగరమున ఇండ్లనుండి బయలుదేరిన మురుగునీరు మొదట ఒక చిన్న కుండిలో పడెడిది. మడ్డి అందులో అడుగంటగా, పైనీరు మాత్రము వీధికాలువలోనికి పారెడిది. ఆ కాలువలు ఇటుకలతో కట్టబడి, పైన ఇటుకలతోనో రాతి పలకలతోనో కప్పబడి యుండెను. కప్పిన ఇటుకలను అంటించలేదు. శుభ్రపరచవలసి వచ్చినపుడు ఎత్తుటకు వీలుగా విడిగా పేర్చిరి. కాలువను కట్టినవాడే దానిని ముందుముందు కడుగవలసిన వానిని కూడ తలచుకొనెను. నేడు మురుగు గొట్టమునకు ఎక్కడను మూత ఉంచక, నేలపై పాలరాయి పరచి, పూడిననాడు ఆ రాయిని పగులగొట్టించు గృహస్థుడు ఆ ప్రాచీనునినుండి నేర్చుకొనవలసినది కలదు.

ఏమరుపాటు ఎంత దూరము పోవునో తెలుపు ఉదంతము లండను నగరమున జరిగినది. 1854వ సంవత్సరము ఆగస్టు మాసము చివర అచ్చటి సోహో పేటలోని బ్రాడ్ స్ట్రీట్ అను వీధిలో కలరా విజృంభించెను. పదిదినములలో ఐదువందలమందికి పైగా మరణించిరి. చెడుగాలి సోకుటచే కలరా వచ్చునని ఆనాటి వైద్యులలో పెక్కుమంది నమ్మిక. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము రోగము నీటిద్వారా వ్యాపించునని తలచి, ఇల్లిల్లు తిరిగి, మరణించినవారు ఎక్కడి నీరు త్రాగిరో విచారించెను. వారిలో అత్యధికులు ఆ వీధిలోని చేతిపంపు నీరు త్రాగినవారే. అతని మాటపై సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని ఊడదీసిరి. అప్పటికే తెగులు తగ్గుముఖము పట్టియుండెను.

ఆ పంపు నీటిలోనికి విషము ఎట్లు చేరెనను ప్రశ్న మిగిలెను. స్నో వాదమును మొదట నమ్మక, దానిని ఖండింపనెంచి విచారణకు పూనుకొన్న హెన్రీ వైట్‌హెడ్ అను మతబోధకుడే దీనికి సమాధానమును కనుగొనెను. పంపునకు ఎదుటనున్న 40వ నంబరు ఇంటిలో ఒక పసిబిడ్డ అందరికంటె ముందుగా జబ్బుపడెను. తల్లి ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి మురుగు గుంటలో పోసెను. 1855లో ఆ గుంటను త్రవ్వి చూడగా లోపలి ఇటుకలు శిథిలమై, మురుగు చుట్టునున్న మట్టిలోనికి ఇంకిపోవుచుండెను. ఆ గుంటకును పంపు బావికిని నడుమ దూరము మూడడుగులకు లోపు. ఆ తల్లి చేసిన తప్పేమియు లేదు. ఏ తల్లియైనను అదే చేయును. ఆ గుంట ఇటుకల సందులలో సున్నము ఎప్పుడు రాలిపోయెనో, ఎవరును మూత ఎత్తి చూడలేదు. సకాలమున ఒక తాపీపనివాడు ఒక్క పూట పనిచేసిన అతుకు పడియుండెడి చోటది. ఆ చూడకపోవుటకు మూల్యము ఆరువందలకు మించిన ప్రాణములు.

బ్రాడ్ స్ట్రీట్ బావి నేడు గ్రామములలో మరియొక రూపమున కనబడును. కొళాయి గొట్టము వీధి మురుగు కాలువను దాటి ఇంటిలోనికి వచ్చుచుండును. ఒక్కొక్కచోట కాలువ నీటిలోనే మునిగియుండును. నీటి ఒత్తిడి చాలదని కొందరు కొళాయిని తగ్గించి గుంటలో పెట్టుదురు. వానపడినపుడు ఆ గుంట నిండి కొళాయి నోరు మునుగును. గొట్టములో నీరు నిండుగా పారునంతసేపు ఒత్తిడి లోపలినుండి వెలుపలికి ఉండును కావున, చిల్లు ఉన్నను మంచినీరే బయటికి చిమ్మును. నీరు నిలిపివేసిన పిమ్మట కథ తలక్రిందులగును. గొట్టములో మిగిలిన నీరు పల్లమునకు జారుచు వెనుక ఖాళీని విడుచును. ఆ ఖాళీ, కొబ్బరిబోండములోని నీటిని గొట్టముతో పీల్చినట్లు, చిల్లులగుండ చుట్టునున్న మురుగును లోనికి పీల్చును. మరునాడు నీరు విడువగానే ఆ మురుగు అందరి బిందెలకు పంపకమగును. గొట్టమునకు మోటారును నేరుగా తగిలించి నీరు లాగు ఇల్లు ఈ పీల్పును మరింత పెంచి, తనతోబాటు ఇరుగుపొరుగులకు కూడ అపాయము కొనితెచ్చును. టైఫాయిడ్, కలరా, అతిసారము, కొన్ని తెగల పచ్చకామెర్లు ఈ దారిననే ఇంటిలో ప్రవేశించును.

కావున ప్రతి గృహస్థుడును మొట్టమొదట చేయవలసిన పని, వీధి గొట్టమునుండి తన ఇంటి కొళాయివరకు గల దారిని ఒకమారు కాలినడకన చూచుట. గొట్టము మురుగులో మునిగియున్న చోట దానిని కాలువకు పైగా ఎత్తించవలెను. వీలుకానిచో అతుకులేని గొట్టమును మరియొక పెద్ద గొట్టములో దూర్చి దాటించవలెను. కొళాయి నోరు నేలకంటె ఎత్తున ఉండవలెను. గుంటలోని కొళాయిని పైకి తెచ్చి, తొలి నీటిని క్రింది సంపులో పట్టి, అచ్చటినుండి మోటారుతో మిద్దెపై తొట్టికి ఎక్కించుకొనవచ్చును. నీరు విడిచిన వెంటనే వచ్చు మొదటి ధారను త్రాగుటకు పట్టక, కొంతసేపు మొక్కలకో నేల కడుగుటకో వాడుకొనుట మేలు.

ఇక ఇంటి లోపలి కారుడు. ‘బొట్టుబొట్టుగా కారుచున్నది, అదెంత’ అని ఉపేక్షించు కొళాయి క్రింద పావులీటరు గ్లాసు పెట్టి గడియారము చూడవలెను. పదునైదు నిమిషములలో అది నిండినచో గంటకు ఒక లీటరు, దినమునకు 24 లీటర్లు, సంవత్సరమునకు 8,760 లీటర్లు పోవుచున్నట్లు. ఒక మనిషికి నిర్ణయించిన 55 లీటర్లలో ఇంచుమించు సగము ఆ కొళాయియే త్రాగివేయుచున్నది. ఇందుకు కారణము తరచుగా లోపల అరిగిన ఒక చిన్న వాషరు. దాని వెల అత్యల్పము. మార్చుటకు పట్టు కాలము అరగంట. వాషరు అరిగెనని తెలిసి కూడ కొళాయిని మరింత గట్టిగా త్రిప్పువారు కలరు. దానిచే మర కూడ అరిగి, కొళాయి మొత్తమును మార్చవలసి వచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట అనగా ఇదే.

కంటికి కనబడని కారుడును పట్టుకొను ఉపాయములు కలవు. రాత్రి అందరు పరుండిన పిమ్మట తొట్టిలోని నీటి మట్టము వద్ద సుద్దముక్కతో గీత గీసి, తెల్లవారుజామున ఎవరును నీరు వాడకమునుపే చూడవలెను. మట్టము దిగినచో ఎక్కడనో కారుచున్నది. మరుగుదొడ్డి వెనుకనుండు నీటి పెట్టెలో బట్టలకు వేయు నీలిమందు నాలుగు చుక్కలు కలిపి పావుగంట వేచియున్నచో, క్రింది పళ్ళెములో నీలిరంగు కనబడిన పక్షమున లోపలి మూత సరిగా కూర్చుండుటలేదని తెలియును. గోడపై తడిమచ్చ, సున్నము పొంగుట, నేల మూలను ఎప్పుడును ఆరని చెమ్మ – ఇవి ఇల్లు పంపు ఉత్తరములు. అచ్చటికే చెదలును చేరును. ఆ గోడనానుకొని బీరువా ఉన్న ఇంటిలో పుస్తకములకు కూడ అదే గతి పట్టును.

ప్రధాన వాల్వు ఎచ్చట నున్నదో ఇంటిలో ప్రతివారికి, పిల్లలకు సైతము తెలిసియుండవలెను. గొట్టము పగిలినపుడు మొదట చేయవలసిన పని దానిని కట్టివేయుట. కాని ఏండ్ల తరబడి త్రిప్పని వాల్వు అవసరమునాడు కదలదు. రెండు మూడు నెలలకొకమారు దానిని మూసి తెరచినచో బిగుసుకొనదు. బోరు నీరు ఉప్పగానో, గట్టిగానో ఉన్న చోట కొళాయి నోటి జాలిపై తెల్లని చార పేరుకొనును. జాలిని ఊడదీసి నిమ్మరసములోనో, వినిగరులోనో కొంతసేపు నానవేసి రుద్దినచో వదలును. మిద్దెపై ఎండలో పడియుండు పీవీసీ గొట్టములు కొన్నియేండ్లకు పెళుసెక్కును. వానిపై తెల్లరంగు పూయుటయో, నీడ కల్పించుటయో చేయవలెను.

తొట్టి మూత విషయమున ఉదాసీనత ఎంతమాత్రమును తగదు. మూత సందులోనుండి దోమ దూరిన చాలును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ నిలువయున్న మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయై ఎగురుటకు సాధారణముగా వారము పదిదినములు పట్టును. దోమకును మలేరియా జ్వరమునకును గల సంబంధమును రోనాల్డ్ రాస్ 1897వ సంవత్సరము ఆగస్టు మాసమున సికిందరాబాదులో కనుగొనెను. ఆ సత్యము ఇంటి ముంగిటనే వెలువడినను, దానిని మిద్దెపై తొట్టివరకు తీసికొనిపోవలసిన పని గృహస్థునిదే. చిన్న తొట్లను వారమునకొకమారు ఖాళీచేసి, గోడలు రుద్ది, ఆరబెట్టవలెను. పెద్ద తొట్టిని ఆరుమాసములకొకమారు అడుగు బురద తీసి కడుగవలెను. నీటిని శుద్ధిపరచుటకు వెయ్యి లీటర్లకు ఇంచుమించు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చాలును. దానిని బకెట్టులో కలిపి, సున్నము పేరిన పిదప తేట నీటిని మాత్రము తొట్టిలో పోసి, ఒక గంట గడచిన తరువాత వాడుకొనవలెను.

ఇక పోవు నీటి సంగతి. పాతకాలమున కుడితి తొట్టికి పోయిన గంజి, పశువులు తగ్గిన నేటి ఇండ్లలో వంటగది సింకులోనికి పోవుచున్నది. వేడివేడి గంజి లోనికి జారి, చల్లారి, చిక్కబడి, గొట్టము గోడలకు పట్టుకొనును. దానిపై వేపుడు నూనె, నేతి జిడ్డు చేరును. ఆ జిడ్డుపై చింతపండు పిప్పి, కాఫీ పొడి, కొబ్బరి పీచు అతుకుకొనును. ఆరునెలలలో ఆ గొట్టమున వ్రేలు దూరునంత సందు కూడ మిగులదు. పైగా సలసల కాగు గంజి పీవీసీ గొట్టమును మెత్తబరచి అతుకులను వదులుచేయును. బూడిదతో తోమిన కాలమున అంట్లకు పట్టిన జిడ్డు బూడిదతోనే పెరటిలో మిగిలెడిది. సబ్బు వచ్చిన పిమ్మట అది కరిగినట్లు కనబడి, గొట్టములోపల తిరిగి పేరుకొనుచున్నది. కావున మూకుడులోని నూనెను పాత కాగితముతో తుడిచి చెత్తలో వేయుట, పళ్ళెములోని మెతుకులను దులిపిన పిమ్మటనే కడుగుట, సింకు నోట జాలి ఉంచి పూటపూట దులుపుట, గంజిని చల్లార్చి నీరు కలిపి చెట్లకు పోయుట – ఈ నాలుగింటిని ఇల్లాలును, ఇంటిలోని తక్కినవారును పాటించినచో వంటగది గొట్టము పూడుట అరుదు.

సింకు క్రింద గొట్టము వంకర తిరిగియుండుట చూచి, అది పనివాని అందము కొరకు చేసినదని కొందరు తలంతురు. ఆ వంకలో ఎల్లప్పుడు కొంత నీరు నిలిచియుండి, మురుగు కాలువలోని దుర్గంధమును, పురుగులను, బొద్దింకలను ఇంటిలోనికి రానీయక అడ్డగించును. అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల పనివాడు 1775లో ఇంగ్లండున మరుగుదొడ్డికి ఇట్టి వంక గొట్టమును పెట్టి పేటెంటు పొందెను. ఎన్నడును వాడని స్నానపుగదిలో ఈ నీరు ఎండిపోయి వాసన వచ్చును. వారమునకొక చెంబెడు నీరు పోసిన చాలును, వాసన ఆగును. వంకలో చెత్త పేరినపుడు క్రింద బకెట్టు పెట్టి, మరను చేతితో విప్పి, కడిగి తిరిగి బిగింపవచ్చును. ఇది ఇంటివారు ఎవరైనను నేర్చుకొనదగిన పని.

పూడినచోట యాసిడ్ పోయు అలవాటు మిక్కిలి కీడైనది. అది చేతులను, కన్నులను కాల్చును. గొట్టపు అతుకులను, సిమెంటును తినివేయును. సెప్టిక్ ట్యాంకులో మలమును జీర్ణము చేయు సూక్ష్మజీవులను చంపును. అన్నిటికంటె ముఖ్యముగా, బ్లీచింగు పొడిని యాసిడ్‌తో ఎన్నడును కలుపరాదు. ఆ కలయికనుండి వెడలు క్లోరిన్ వాయువు మూసియున్న గదిలో మనిషిని చంపగలదు. రబ్బరు గిన్నె గల కర్రతో నొక్కి లాగుట, పొడవాటి తీగను దూర్చి కదల్చుట ఇందుకు సురక్షితమైన మార్గములు. గొట్టమునకు తగిన వాలు లేనిచో ఎంత శుభ్రపరచినను మరల పూడును. నాలుగంగుళముల గొట్టమునకు ప్రతి నాలుగడుగులకు ఒక అంగుళపు వాలు మంచి కొలత. ఇల్లు కట్టునపుడే మలుపు మలుపునకు, మూత ఎత్తి చూచుటకు వీలైన కుండి పెట్టించవలెను.

ఇప్పుడు ఈ ప్రసంగములో మిక్కిలి గంభీరమైన అంశము. మరుగుదొడ్డి వెనుక భూమిలో దాగియున్న సెప్టిక్ ట్యాంకును, నిండి పొంగువరకు తలంచు వారరుదు. అందులో బరువైన మడ్డి అడుగున పేరును, తేలికైన తెట్టు పైన కట్టును, నడుమనున్న నీరు వెలుపలికి పోవును. మడ్డి పెరిగినకొలది నీటికి చోటు తగ్గి, మలము వెలుపలికే కొట్టుకొనిపోవును. రెండు మూడేండ్లకొకమారు యంత్రముతో మడ్డిని తోడించినచో ఈ స్థితి రాదు. బట్టపేలికలు, ప్లాస్టిక్, బహిష్టు గుడ్డలు, పసిపిల్లల డైపర్లు దానిలో వేయకుండుట అంత ముఖ్యము. గాలి గొట్టము కొనకు సన్నని వల కట్టినచో దోమలు రావు. బోదకాలును వ్యాపింపజేయు దోమకు మురుగునీరే పుట్టినిల్లని మరువరాదు.

ట్యాంకు పూడి గట్టిపడిన పిమ్మట యంత్రము తోడలేనపుడు, ‘లోనికి ఒక మనిషిని దింపుదము’ అను మాట వచ్చును. ఆ మాట ఏ ఇంట వినబడరాదు. ఆ ట్యాంకులో ప్రాణవాయువు ఉండదు. మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు వంటి వాయువులు నిండియుండును. ఈ రెండవ వాయువు కొలదిగా ఉన్నపుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. అధికమైనపుడు ముక్కు పని చేయక, వాసనయే తెలియకపోవును. వాసన లేదు గదా అని దిగినవాడు ఒకటి రెండు ఊపిరులలోనే కూలును. అతనిని రక్షింపబోయి రెండవవాడు దిగును, వానికొరకు మూడవవాడు. దేశమున ఈ విధముగా ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు ప్రాణములు కోల్పోయిన ఉదంతములు పలుమారులు జరిగినవి. అట్టి సమయమున పైనున్నవారు లోనికి దిగక, వెంటనే అగ్నిమాపక దళమును పిలువవలెను.

మనిషిచే మలమును ఎత్తించుటను, రక్షణ సాధనములు లేకుండ సెప్టిక్ ట్యాంకులోనికి దింపి పని చేయించుటను 2013వ సంవత్సరపు చట్టము నిషేధించినది. మురుగు గుంటలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు చెల్లింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2014లో ఆదేశించెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పది లక్షలుగా నిర్ణయించెను. కాని ఏ మొత్తమును పోయిన తండ్రిని తిరిగి తేజాలదు. ఆ గుంటలలో దిగి మరణించినవారు దాదాపుగా ఎల్లవేళల కొన్ని కులములకు చెందిన బీదలే యగుట, తరతరములుగా వచ్చిన అన్యాయమునకు కొనసాగింపు. ఇంటి ట్యాంకును మూడవయేట యంత్రముతో తోడించు గృహస్థుడు తన ఇంటి శుభ్రతనే కాక, ఒక నిరుపేద కుటుంబపు దీపమును కూడ కాపాడుచున్నాడు. గొట్టముల సంరక్షణలో దాగిన ధర్మమిది.

ఇంకుడు గుంట పెట్టునపుడు త్రాగునీటి బావికిని, బోరునకును పదునైదు మీటర్లకు తక్కువ కాని దూరమున ఉండునట్లు చూడవలెను. బ్రాడ్ స్ట్రీట్ లోని మూడడుగుల దూరము ఈ సందర్భమున జ్ఞాపకము రావలెను.

ఇన్ని పనులను గుర్తుంచుకొనుట ఎట్లని ఎవరైనను అడుగవచ్చును. పంచాంగము చూచు అలవాటున్న ఇంటిలో ఇది కష్టము కాదు. వారమునకొకమారు, శుక్రవారమునాడు ఇల్లు కడుగునపుడే, జాలులు దులిపి, చిన్న తొట్లు ఆరబెట్టి, వాడని గదులలోని తూములలో చెంబెడు నీరు పోయవలెను. నెలకొకమారు, పౌర్ణమినాడో మరియే దినముననో, కారుడును గీతతో పరీక్షింపవలెను. మృగశిర కార్తెకు ముందు మిద్దెపై ఆకులను, వాననీటి గొట్టముల నోళ్ళను శుభ్రపరచి, వీధి కాలువలోని పూడికను ఇరుగుపొరుగులు కలసి పంచాయతీ సిబ్బందిచే తీయించవలెను. ఉగాదికిని, దసరాకును పెద్ద తొట్టి కడుగవలెను. సంక్రాంతికి సున్నము కొట్టించునపుడు గోడలపై తడిమచ్చలను, వాల్వులను, ఎండలోని గొట్టములను చూడవలెను. సెప్టిక్ ట్యాంకును తోడించిన తేదీని మూతపైననో, గోడపైననో రంగుతో వ్రాయించినచో, మూడేండ్లు ఎప్పుడు నిండునో ఇంటికి వచ్చిన కోడలికి కూడ తెలియును.

మరియొక చిన్న పని కలదు; అది కాగితము పని కావున గ్రంథాలయ సభలో చెప్పదగినది. ఇల్లు కట్టినపుడు ఏ గొట్టము ఏ గోడలో పోవుచున్నదో, ఏ కుండి ఏ రాయి క్రింద ఉన్నదో తాపీపనివానికి, గొట్టముల పనివానికి తెలియును. పదియేండ్ల పిమ్మట వారు ఊరు విడుచుటయో, కాలము చేయుటయో జరుగును. ఇంటి యజమాని గోడగోడను పగులగొట్టి వెదకును. కట్టుచున్నపుడే ఒక కాగితముపై గొట్టముల దారిని గీసి, ఇంటి దస్తావేజులతోబాటు దాచినచో ఈ కష్టము తప్పును. ఇప్పటికే కట్టిన ఇండ్లకైనను తెలిసినంతమట్టుకు గీసియుంచవచ్చును. మరమ్మతు జరిగినపుడెల్ల దానిపై తేదీ వేసి చేర్చుచు పోవలెను. గ్రంథాలయమున ఎత్తుపట్టిక ఎట్లో, ఇంటికి ఆ పటమట్లు. పట్టిక లేని గ్రంథాలయమున పుస్తకము ఉండియు లేనట్లే.

గ్రంథాలయములు కూడ ఈ విషయమున చేయదగిన సేవ కలదు. గృహారోగ్యమును గూర్చిన పుస్తకములను ఒక అలమరలో విడిగా ఉంచుట, వేసవి సెలవులలో పనిమంతుడైన ఒక గొట్టముల పనివానిని పిలిపించి వాషరు మార్చుట, వంక గొట్టము విప్పుట స్త్రీపురుషులందరికి, పెద్దపిల్లలకు చూపించుట, త్రాగునీటి పరీక్ష జరిగినపుడు దాని ఫలితమును ప్రకటనల బల్లపై అంటించుట – ఇవి వ్యయము లేని పనులు. చదువు మనిషి చేతిలోనికి దిగివచ్చిననాడు గ్రంథాలయము తన పేరు నిలుపుకొన్నట్లు.

ఇరువదియైదేండ్లుగా ఒక్కొక్క పుస్తకమును దులుపుచు, అతుకుచు, లెక్కించుచు ఈ గ్రంథాలయమును నిలిపిన చేతులకు, ఇంటి గొట్టమును కాపాడు విద్య క్రొత్తది కాదు. అదే ఓర్పు, అదే క్రమము, అదే ముందుచూపు. ఆ చేతులు సభనుండి ఇంటికి పోయిన పిమ్మట మొదట కారుచున్న కొళాయిని ఒకమారు చూచునుగాక! పిమ్మట పెరటిలోని మూతను, దాని పైనుండవలసిన తేదీని చూచునుగాక! ఊరిలోనికి వచ్చు నీరు నిర్మలమై వచ్చుగాక, ఊరినుండి పోవు నీరు ఎవరికిని హాని చేయక పోవుగాక! గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును ఇట్లే జరుపుకొనుగాక!